గంప, చేట, గూడ: కృష్ణాతీరపు టల్లికపదముల విచారము

పాఠశాలయందు రామాయణకథ చెప్పునపుడు శూర్పణఖ యను పేరునకు విగ్రహవాక్యము చెప్పక తీఱదు. శూర్పములవంటి నఖములు గలది యని పండితుఁడు చెప్పును. శూర్పమన నేమని బాలుఁ డడుగును. చేట యని యుత్తరము. పూర్వ మీ ప్రశ్న యంతటితో నాగెడిది. ఏలయన, చేట బాలుని యింటి వంటసాలలోనే గోడకు వ్రేలాడుచుండెడిది. నేఁడు విజయవాడ నగరమునఁ బెరుగుచున్న బాలుఁడు చేట యన నేమని మఱియొక ప్రశ్న వేయును. శూర్పమునకుఁ జేటను, చేటకు శూర్పమును బర్యాయములుగాఁ జెప్పి తృప్తినొందు పద్ధతి మనకుఁ జిరకాలముగా నలవడినది గాన, ఆ ప్రశ్నకు మనయొద్ద సిద్ధముగ నుత్తరము లేదు. పదమునకు మాఱుగా మఱియొక పదము నిచ్చితిమే కాని వస్తువును జూపలేదు. వస్తువు లోకమున నున్నన్నాళ్ళు ఈ లోపము కానరాలేదు. వస్తువు మఱుఁగుపడుచున్న యీ కాలమున నది స్పష్టమగుచున్నది.

ప్రాచీనులు మనవలె నుపేక్షించినవారు గారు. ఋగ్వేదమున పదవ మండలమందలి డెబ్బదియొకటవ సూక్తము, ధీరులు మనస్సుచే వాక్కును శోధించుటను జల్లెడతోఁ బిండిని జల్లించుటతోఁ బోల్చినది. పతంజలిభగవానుఁడు మహాభాష్యమునఁ బస్పశాహ్నికమందు వ్యాకరణప్రయోజనములఁ జెప్పుచు నీ మంత్రమునే యుదాహరించెను. అందు జల్లెడకు వాడిన మాట 'తితఉ'. యాస్కుఁడు నిరుక్తమున నీ శబ్దమును వివరించుచు, జల్లెడ యని చెప్పి యూరకొనలేదు. పఱపఁబడినది గావున నా పేరు వచ్చియుండవచ్చును, తూఁట్లు గలది గావున వచ్చియుండవచ్చును, నువ్వుగింజయంత తూఁట్లు గలది గావున వచ్చియుండవచ్చును అని మూఁడు త్రోవలఁ జూపెను. ఈ వ్యుత్పత్తుల నంగీకరించుట యటుండనిండు. తూఁటి పరిమాణ మెంతయో చెప్పవలెనన్న బుద్ధి యాయనకుఁ గలిగినదనుట ముఖ్యము. ఆయన జల్లెడను జేతఁ బట్టి చూచి పదమును వ్యాఖ్యానించినాఁడు. కృష్ణాతీరపు టల్లికపదముల విషయమున మనము చేయవలసిన పనియు నదియే యని యీ వ్యాసమునఁ జెప్పఁదలఁచితిని.

ద్రవ్యము

అల్లిక మానవునికిఁ గడుఁ బ్రాచీనమైన విద్య. కాని రాతిపనిముట్టువలె, కుండపెంకువలె నది భూమిలో నిలువదు. వెదురును ఈతాకును కొలఁదికాలములో మట్టిలోఁ గలసిపోవును. బలూచీస్థానమున మెహర్‌గఢ్ త్రవ్వకములలో నవశిలాయుగమునాఁటి బుట్టల గుర్తులు దొరకినవన్న, వాని లోపల మట్టికీలు పూయఁబడియుండుటయే కారణము. ఐగుప్తుదేశమున ఫయ్యూము ప్రాంతమందు నవశిలాయుగపు ధాన్యపుపాతరలు గడ్డిచుట్టల యల్లికతో లోపలఁ గప్పఁబడి యుండుట 1920 తరువాతి త్రవ్వకములలోఁ గనుఁగొనిరి. అచ్చటి పొడినేల వానిని గాపాడినది. కాశ్మీరమున బుర్జహోములోనైతే చాపలు మిగులలేదు; పచ్చికుండను చాపపై నుంచి చేయుటచేఁ గుండయడుగునఁ బడిన చాపముద్ర మాత్రము మిగిలినది. భాషయందలి పదములు గూడ నిట్టి ముద్రలే. వస్తువు పోయినను పదమున దాని జాడ యుండును. ఆ జాడను జదువుటకుఁ గావలసిన జ్ఞాన ముండవలెను గదా!

కృష్ణా డెల్టా నల్లరేగడి మాగాణినేల. ఇచ్చట గొప్ప వెదురుటడవులు లేవు. పొలముగట్లపైఁ దాటిచెట్లును, మెరకలపై ఈతచెట్లును, పల్లములందుఁ దుంగయు జమ్మును బెరుగును. వెదురు దూరపు కొండలనుండి రావలసినదే. గోదావరిమన్యములందలి వెదురు తెప్పలుగాఁ గట్టఁబడి ప్రవాహముమీఁద రాజమహేంద్రవరమునకు వచ్చెడిది; గోదావరికిఁ గృష్ణకు నడుమ ఏలూరు కాలువ నీటిత్రోవయై యుండెను. ఈ ద్రవ్యభేదమే వృత్తిభేదమునకు మూలము. కొని తెచ్చుకొన్న వెదురుతోఁ బనిచేయువారు మేదరులు. ఊరివెంట దొరకు ఈతబరికెలతోఁ దాటాకుతోఁ బ్రధానముగాఁ బనిచేయువారు ఎఱుకలవారు. ఎఱుకలవారి తెగల పేళ్ళే యీ విషయమునకు సాక్ష్యము. దబ్బ ఎఱుకల యన వెదురుదబ్బలతో నల్లువారు; ఈతపుల్లల ఎఱుకల యన ఈతపుల్లలతో నల్లువారు; కుంచెపురి ఎఱుకల యన సాలెవారికిఁ గావలసిన కుంచెలు గట్టువారు. ద్రవ్యమును బట్టి మనుష్యులకే పేళ్ళు వచ్చినవి.

వెదురునందుఁ గూడ నన్ని భాగము లొక్కటి గావు. పైపొర నున్నఁగా, గట్టిగా నుండి నీటికి లోనుగాక నిలుచును. లోపలి పొర మెత్తనిది, త్వరగాఁ బురుగు పట్టును. అల్లువాఁడు బొంగును నిలువునఁ జీల్చి, కణుపులఁ జెక్కి, పైపొరను లోపొరను వేఱుచేసి, సన్నని పనికిఁ బైపొరను, మోటుపనికిఁ దక్కినదానిని వాడును. ఎండినబద్ద విఱుగును గావున నీటఁ దడిపి వంచును. మనము గ్రంథములందు వేణువు, వంశము, కీచకము అని పర్యాయముల నప్పగించుదుము. అమరసింహుఁడు గాలికి మ్రోయు వెదురునకే కీచకమను పేరు చెప్పెను గాని వెదుళ్ళన్నిటికిఁ జెప్పలేదు. పర్యాయములుగాఁ జెల్లుబడియగు మాటలలోఁ గూడ వస్తుభేదము దాఁగియుండుట కిది తార్కాణము.

క్రియ

తెనుఁగునఁ బట్టకు 'నేయు' అనియు, బుట్టకు 'అల్లు' అనియు వేఱువేఱు క్రియలు గలవు. ఆంగ్లమున రెంటికి నొక్కటే క్రియ చాలును. మన భేదము నిష్కారణమైనది కాదు. నేతకు మగ్గ ముండవలెను. పడుగు ముందుగనే బిగింపఁబడి యుండును. పేక దానియందుఁ బోవును. అల్లికకు మగ్గము లేదు. రెండు చేతులు, కాలిబొటనవ్రేలు, ఒక కత్తి చాలును. వస్తువు అల్లుచుండఁగానే యాకారము దాల్చును. తుంగచాప మగ్గముమీఁద నేయఁబడును. తాటాకుచాప నేలపైఁ బఱచి చేతులతో నల్లఁబడును. రెండును జాపలే యైనను రెండు క్రియలు. త్రాటికిఁ బేనుటయు, విస్తరికిఁ గుట్టుటయు, తడికకుఁ గట్టుటయు నిట్లే వేఱువేఱు. కవితావిమర్శకులు పెద్దనార్యుని రచనను గొనియాడుచు 'అల్లిక' యన్న మాటను వాడిరి. జడకు, పందిరిపైఁ బ్రాఁకు తీఁగకుఁ జెల్లు మాటయే పద్యరచనకుఁ జెల్లినది. ముందుగా బిగించిన చట్రము లేక, చేతిలోనే రూపొందు పని యను నర్థము దీనియందుఁ గలదు.

ప్రపంచమందలి యల్లికలను బరిశోధకులు ప్రధానముగా మూఁడు తెఱఁగులుగా విభజింతురు. బద్దలు నిలువుగ నడ్డముగ నొండొంటి క్రిందుమీఁదుగాఁ బోవునది మొదటిది. మన మేదరుల తట్టలును, జపానుదేశపు వెదురుబుట్టలును జాలవఱకు నిట్టివి. నిలుచున్న పుల్లలను జుట్టి రెండు పోగులు నడుమనడుమ మెలివడుచుఁ బోవునది రెండవది. గడ్డిని త్రాడువలెఁ జేసి చుట్టచుట్టి, ప్రతిచుట్టును గ్రింది చుట్టునకుఁ గుట్టునది మూఁడవది. కాలిఫోర్నియాయందలి పోమోజాతివా రీ కడపటి రెండువిధముల యందును బ్రసిద్ధులు. మూఁడవ తెఱఁగును బోలిన దొకటి మన పల్లెలయందును గలదు. వరిగడ్డిని లావుత్రాడుగాఁ బేని, ధాన్యపురాశిచుట్టు వలయములు వలయములుగాఁ జుట్టుచు నెత్తుగాఁ గట్టిన నిలువకు 'పురి' యని పేరు. పురి యనఁగా మెలి. కుట్టు లేకున్నను జుట్టచుట్టు పద్ధతి యొక్కటియే. ఇచ్చట వస్తువు పేరే పని తీరును జెప్పుచున్నది.

పేళ్ళు

ఇఁక వస్తువులఁ గొన్నిటిని జూతము.

చేట మూఁడువైపుల నెత్తైన యంచు గలిగి, ముందువైపు తెఱచియుండు పలుచని వెదురుపాత్ర. సందులు పూడుటకుఁ బేడతోనో కాగితపు గుజ్జుతోనో యలుకుదురు. రెండు చేతులఁ బట్టి యెగురవేసిన బియ్యము వెనుకకుఁ జేరును, ఊఁక తెఱపివైపు పోవును. అందుకే యొకవైపు తెఱపి. ఈ పనికి 'చెరుగు' అని పేరు. కన్నడమున నిదే పనికి 'కేరు' అందురు. కన్నడపు 'కివి' తెనుఁగునఁ జెవియు, 'కెరె' చెఱువును అగునట్లు, తాలవ్యాచ్చునకు ముందున్న కకారము తెనుఁగునఁ జకారమగుట ప్రసిద్ధము. కావునఁ జెరుగు, కేరు తోఁబుట్టువులు. అమరమున శూర్పమునకుఁ బ్రస్ఫోటన మను పర్యాయము గలదు. అదియు విదళించి వేఱుచేయు పనినిబట్టి వచ్చినదే. విఘ్నేశ్వరుఁడు శూర్పకర్ణుఁడైనది చేట యాకృతినిబట్టి. శూర్పణఖ పేరునందుఁ గూడ నాకృతియే ప్రధానము. చేట వెడల్పును, ముందువైపు పదునును దెలియనివానికి నా పేరిలోని భీకరత్వము దెలియదు.

కళ్ళమునఁ జేయు పని వేఱు. అచ్చట గాలివాటున నిలిచి ధాన్యమును దట్టతోఁ బైనుండి జాఱవిడుతురు. తాలు గాలికిఁ బోవును. దీనికిఁ 'దూర్పాఱఁబట్టుట' యని పేరు. తూర్పను దిక్కుతో దీనిని ముడిపెట్టుటకంటె దమిళపు 'తూఱ్ఱు' క్రియతోఁ బోల్చుట మేలు. ఆ క్రియకు ధాన్యము నెగఁబోయుట, నిందించుట యను రెండర్థములును గలవు. తెనుఁగునను ఒకనిని గట్టిగా విమర్శించుటను తూర్పాఱఁబట్టుట యందుము. రెండుభాషలును గళ్ళమునుండి యొకే భావమును దెచ్చుకొన్నవి.

అన్నము వార్చునపుడు కుండమూతిపై నుంచి గంజి వంచుటకు సన్నని వెదురుబద్దలతో నల్లిన మూఁత సిబ్బి. పూలు కోయుటకుఁ దీసికొనిపోవునది సజ్జ. తలపైఁ జుట్టకుదురు పెట్టి మోయఁదగిన లోతైన పాత్ర గంప. లోతు తక్కువయై నోరు వెడల్పైనది తట్ట. మట్టి, పెంట మోయుటకు నదియే తగును, ఏలయన వంచిన తోడనే ఖాళీయగును. ఈ తట్టకుఁ గృష్ణామండలచరిత్రలో గొప్పస్థానము గలదు. విజయవాడకడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో ముగిసెను. దానినుండి చీలిన కాలువలును, గట్లును మనుష్యుల చేతి పలుగుపాఱలతోఁ ద్రవ్వఁబడి, మట్టి తట్టలతో నెత్తిపై మోయఁబడినది. ఇంజనీర్ల పేళ్ళు శిలలపైఁ జెక్కఁబడినవి. తట్టలల్లినవారి పేళ్ళు, మోసినవారి పేళ్ళు నెక్కడను లేవు.

కాలువలోని నీరు పొలముకంటెఁ బల్లమున నున్నచో నెత్తిపోయుటకు గూడ యుండెడిది. ఇది వెదురుతోనో తాటాకుతోనో దట్టముగా నల్లిన పాత్ర. దానికి నిరువైపుల రెండేసి త్రాళ్ళు. ఇద్దఱు ఎదురెదురుగా నిలిచి, త్రాళ్ళను బట్టి గూడను నీట ముంచి, ఊఁచి, గట్టుపైకి విసరుదురు. లయ తప్పిన నీరు త్రోవలోనే పోవును. దీనిని 'గూడవేయుట' యందురు. చేఁపలు పట్టుటకు లోఁతు లేని నీటఁ బైనుండి గ్రుచ్చునది ఊత. క్రింద వెడల్పు, పైన సన్నము, రెండువైపులఁ దెఱపి. చేఁప లోనఁ జిక్కినపుడు పైతెఱపినుండి చేయి పెట్టి తీయుదురు. వంగదేశమున 'పలో' యనునదియు, థాయిదేశపు వరిచేలలో 'సుమ్' అనునదియు నిట్టివే. లోఁతు తక్కువయైన మడుగులు, వరిచేలు గల దేశములందు మనుష్యుఁ డీ యాకృతికి వచ్చియున్నాఁడు.

ఆచారమునందు నీ పాత్రలకుఁ గల స్థానమును గొంత చెప్పవలయును. పెండ్లికూఁతును మేనమామ గంపలోఁ గూర్చుండఁబెట్టి మంటపమునకుఁ దెచ్చుట మనకుఁ గలదు. నోముల వాయనములు చేటలలో నిత్తురు. పుట్టినబిడ్డను జేటలోఁ బరుండఁబెట్టు నాచారము గొన్ని కులములందుఁ గలదు. ప్రాచీనగ్రీకులు ధాన్యము చెరుగు 'లిక్నోన్' అను చేటను శిశువునకుఁ దొట్టిలగాఁ గూడ వాడిరి. వారి దియోనీసుదేవుఁడు శిశురూపమున లిక్నోనునఁ బరుండినవాఁడని పూజింపఁబడెను. ఒకరినుండి యొకరు నేర్చిరని దీనిచేఁ జెప్పఁజెల్లదు. తాలు పోయి గింజ నిలిచెడి చోటనే బిడ్డయు నిలువవలెనని వ్యవసాయముచే బ్రతుకు జాతులన్నియుఁ గోరుట సహజము.

కొలఁతయు లోకోక్తియు

అల్లినపాత్ర వస్తువుల నుంచుకొనుటకే కాక కొలుచుటకుఁ గూడ నుపయోగించెను. గంపెడు, తట్టెడు, బుట్టెడు, చేటెడు అను మాటలు పరిమాణార్థమున ఎడు ప్రత్యయము చేరినవి. గంపెడాశ యనునపుడు నేఁటివా రతిశయమునే తలఁతురు. తలపై మోయఁగల యాశ యని తొలియర్థము. విడివిడిగాఁ గొలువక మొత్తము నొక్కధరకు మాటాడుకొనుట గంపగుత్త. గంపను జూడనివారును నేఁ డీ మాటను వార్తాపత్రికలయందు వ్రాయుచున్నారు. బుర్జహోముకుండపైఁ జాపముద్ర యెట్టిదో గంపగుత్తయందు గంప యట్టిది. తట్టాబుట్టా సర్దుకొనుట, బుట్టలోఁ బడుట, బుట్టదాఖలగుట మున్నగునవియు నట్టివే. జాతరలలో మనుష్యుఁడు లోపలఁ దూఱి యాడించు పెద్దబొమ్మకు బుట్టబొమ్మ యని పేరు. లోపల వెదురుచట్రము గుల్లగా నుండును. ఈ సంగతి తెలియక యా మాటను కేవలము సౌందర్యవాచకముగా వాడువారు పెక్కురు.

ధాన్యము నిలువచేయు గాదెయుఁ, గరిసెయు నీ వర్గములోనివే. గాదెను వెదురుతడికలతో గుండ్రముగాఁ గట్టి మట్టియుఁ బేడయు మెత్తుదురు. గరిసె యను మాట సముద్రవ్యాపారులచేతఁ బడి ఆంగ్లమున 'గార్స్' అయ్యెను. చెన్నపట్టణపు టంగళ్ళలో 400 మరకాళ్ళ ధాన్యపుఁగొలఁతకు నది పేరు. 1886లో వెలువడిన యూల్, బర్నెల్ దొరల 'హాబ్సన్ జాబ్సన్' కోశమున నీ మాటకుఁ దెనుఁగుమూలము చూపఁబడినది. ఇంటిపెరటి ధాన్యపుఁబుట్ట పేరు ఓడల లెక్కపుస్తకములకెక్కిన విధ మిది.

కర్తలు

పదములు నిలిచినను బదములకు మూలమైన వస్తువుల నల్లినవారికి గ్రంథములందుఁ జోటు తక్కువ. శుక్లయజుర్వేదసంహితయందు ముప్పదియవ యధ్యాయమున వృత్తుల పట్టికలో 'బిదలకారీ' యను స్త్రీవాచకము గలదు. వెదురు చీల్చి యల్లు నామె యని దాని యర్థము. ఈ పని స్త్రీలచేతిదని యంతటి ప్రాచీనకాలముననే తెలియుచున్నది. 12వ శతాబ్దమునఁ గల్యాణమున బసవేశ్వరుని కాలమువాఁడైన మేదర కేతయ్య వెదురుబుట్ట లల్లుచు శరణులలోఁ బూజ్యుఁడయ్యెను. మన యక్షగానములందు ఎఱుకలసాని చంక బుట్టయుఁ, జేతఁ గోలయు ధరించి వచ్చి సోది చెప్పును. కవి యా బుట్టను వేషమునకు వాడుకొనెనే కాని యది వెదురుదో ఈతదో చెప్పవలెనని తలఁపలేదు.

అంతకంటెఁ గష్టమైన కథ తరువాతఁ గలదు. ఎఱుకలవారు పూర్వము గాడిదలపై, ఎద్దులపై నుప్పును ధాన్యమును మోసి యమ్ముచు, త్రోవలో బుట్టలల్లుచు జీవించిరి. రైలుమార్గములు వచ్చిన పిమ్మట నా వర్తకము క్షీణించినది. ఊరూరఁ దిరుగువారిపై ననుమాన మెక్కువైనది. 1871లోఁ బుట్టి, 1911లోఁ జెన్నరాష్ట్రమునకు వ్యాపించిన నేరజాతులచట్టము క్రిందఁ బుట్టుకచేతనే వారు నేరస్థులుగా లెక్కింపఁబడిరి. 1913లో బాపట్లచేరువ స్టువర్టుపురము వారికి నివాసముగా నేర్పడెను. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను గాని, పేరునకుఁ బట్టిన మచ్చ యంతలోఁ బోలేదు. వారు తమలోఁ దాము మాటాడుకొను కుఱ్ఱుభాష తమిళమునకుఁ జేరువైనది. అల్లికకు సంబంధించిన వారి యింటిమాట లా భాషయం దుండును. జాతినే యనుమానించిన లోకము వారి మాటల నడిగి వ్రాసికొనుట యరుదు. మన పదసంపదలోఁ గొంత యిట్లు మన యవజ్ఞచేతనే పోయినది.

మన నిఘంటువుల పద్ధతి గూడ నిందుకుఁ దోడ్పడినది. 1852లో ముద్రితమైన బ్రౌనుదొర కోశము వాడుకమాటలకుఁ దలుపు తెఱచినది. 1885నాఁటి శబ్దరత్నాకరమును, 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును మహోపకారకములే కాని, కావ్యప్రయోగమే వానికిఁ బ్రధానప్రమాణము. కవి ప్రయోగింపని సిబ్బి యెన్నియిండ్ల గంజి వార్చిన నేమి! ఈ కొఱఁతను దీర్పఁబూని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయపదములతో మాండలికవృత్తిపదకోశమును బ్రకటించిరి. 1971లోఁ జేనేతపదముల సంపుటము వచ్చెను. తరువాత మఱికొన్ని వృత్తులకు నీ పని విస్తరించెను. మార్గ మేర్పడినది, నడచువారు గావలయును.

కర్తవ్యము

కాల మాలసింపదు. నీటియంత్రములు వచ్చి గూడ పోయెను. కోఁతయంత్రము పొలముననే ధాన్యమును వేఱుచేయుటచేఁ గళ్ళము పోయెను. కళ్ళముతోఁ దూర్పాఱఁబట్టుట పోయెను. బియ్యము మిల్లునుండి చెరిగియే వచ్చుచున్నది. గంపస్థానమునఁ బ్లాస్టిక్ తొట్టి వచ్చెను. వెదురు కాగితపుమిల్లులకుఁ బోవుచున్నది. రాజమహేంద్రవరపు మిల్లు వెదురుతోఁ గాగితము చేసినదే. పెండ్లిండ్లకును నోములకును మాత్ర మిప్పటికిని జేటయు గంపయుఁ గొనఁబడుచున్నవి గావున, అల్లెడి చేతు లింకను గలవు. వస్తువును, పేరును, చేయువాఁడును నొక్కచోట దొరకు కడపటికాల మిది.

అట్లు దొరకినచో నేమి వ్రాయవలయును? ఉదాహరణమునకు గూడను దీసికొందము. దేశ్యము, నామవాచకము అని చెప్పి, 'నీరు తోడెడి యొకవిధమైన బుట్ట' యని ముగించిన లాభము లేదు. ద్రవ్యము వెదురా తాటాకా. అడుగు నెన్ని బద్దలతో మొదలుపెట్టుదురు. అంచు నెట్లు కట్టుదురు. త్రాళ్ళెన్ని, ఎచ్చట ముడివేయుదురు. ఎంత లోఁతునీటినుండి యెంతయెత్తునకుఁ బోయవచ్చును. చేరెడి క్రియ యేది (తోడుట గాదు, వేయుట). ఒంటిమనుష్యుఁడు వాడు ఏతమునకు దీనికి భేద మేమి. కృష్ణకు దక్షిణపుటొడ్డున, ఉత్తరపుటొడ్డున పేరొక్కటియేనా. అల్లువారు తమ యింటిభాషలో దీని నేమందురు. ఎప్పటివఱకు వాడుకలో నుండెను. ఇన్నియు వ్రాసి, పటమొకటి గీసినఁ గాని గూడ యను రెండక్షరముల యర్థము ముగియదు.

ఇది పెద్దసంస్థలు మాత్రమే చేయఁగల పని గాదు. పాఠశాలపండితుఁ డొక్కఁడు తన యూరి మేదరియింటికో ఎఱుకలయింటికో విద్యార్థులను గొనిపోయి, యొక దినము కూర్చుండి, పేళ్ళను వ్రాయించినఁ జాలును. వెళ్ళునపు డొక్క నియమ ముండవలయును: వారు చెప్పు మాటను దిద్దరాదు. చాట యన్నచోఁ జాట యనియే వ్రాసి, చేట యనునది గ్రంథరూపమని ప్రక్కన గుర్తింపవలయును. శిష్టరూపము మన కలమారులందుఁ బదిలముగనే యున్నది. పోవుచున్నది వారి నోటిమాట.

తమ వస్తువును బోనీయని జాతు లున్నవి. అమెరికాలో దక్షిణకెరోలినాతీరమునకుఁ బశ్చిమాఫ్రికానుండి బానిసలుగాఁ దేఁబడినవారు తమవెంట వరిసేద్యపు నేర్పును, గడ్డిచుట్టలఁ గుట్టి గుండ్రని చేట చేయు విద్యను దెచ్చిరి. అచ్చటి వరిసేద్యము పోయి నూఱేండ్లు దాఁటినది. గల్లాలని పిలువఁబడు వారి సంతతివారు మాత్రము చార్లెస్టను చేరువ నింకను నా యల్లికను జేయుచున్నారు. 2006లో నా రాష్ట్రము దానిని దన రాష్ట్రహస్తకళగాఁ బ్రకటించినది. మనకు వరి పోలేదు, కృష్ణ పోలేదు, అల్లువారును బోలేదు. చేటను బాలునకుఁ జూపి, దాని మూఁడంచులను, ముందుతెఱపిని జేతఁ దడవఁజేసి, చెరుగు మన్న నాఁడు శూర్పణఖ పేరునకు మఱి విగ్రహవాక్యముతోఁ బనిలేదు.